గూడ్స్‌కు నకిల్, ప్యాసింజర్‌కు కడ్డీ: ఒక ఇంటి లేఅవుట్‌లో కప్లర్ల కేసు

మోడల్ రైళ్లు బాగు చేయడం నా అసలు వృత్తి కాదు. మహబూబ్‌నగర్‌లో ఎలక్ట్రానిక్స్ రిపేరు షాపు ఉంది. మిక్సీలు, ఇన్వర్టర్ బోర్డుల మధ్య అప్పుడప్పుడు ఒక బుల్లి ఇంజను కూడా బల్ల మీదికి వస్తుంది. ఈ పని తెలిసినవాళ్లు చుట్టుపక్కల తక్కువ కాబట్టి నల్లగొండ, వనపర్తి, సూర్యాపేట వైపు నుంచి కూడా ఫోన్లు వస్తుంటాయి. ఎక్కువగా వినపడే ఫిర్యాదు ఒకటే: "డబ్బాలు మధ్యలో ఊడిపోతున్నయి."

ఊడిపోతున్నాయంటే అందరూ ముందు కప్లర్, అంటే డబ్బాలను కలిపే కొక్కెం, కంపెనీ మార్చాలనుకుంటారు. ఈ కేసులో కూడా అదే జరిగింది. అది ఎందుకు పనిచేయలేదో, చివరికి ఒకే లేఅవుట్‌లో, అంటే పట్టాలు పరిచిన ఒకే ఏర్పాటులో, మూడు రకాల కప్లింగ్‌లు ఎందుకు ఉంచామో రాస్తున్నాను. మనిషినీ ఊరినీ గుర్తుపట్టే వివరాలు మార్చాను, కొలతలు మాత్రం ఉన్నవే. రాతలో కోచ్ అంటే పై డబ్బా, ట్రాలీ అంటే దాని కింద నాలుగు చక్రాలుండే ఫ్రేమ్, బండి రేకు అంటే వరసగా తగిలించిన డబ్బాలన్నీ కలిపి.

నేపథ్యం

ఈ లేఅవుట్ యజమాని రిటైర్డ్ రైల్వే గార్డు. 2022లో రైల్వే ఆ ఉద్యోగానికి ట్రెయిన్ మేనేజర్ అని పేరు మార్చింది కానీ, ఆయన అంతకుముందే దిగిపోయారు. నల్లగొండ జిల్లాలో సొంతిల్లు, డాబా మీద రేకుల గది. ఆ గదిలో బీబీనగర్–నడికుడి లైన్లో మిర్యాలగూడ, విష్ణుపురం వైపు కనిపించే దృశ్యాన్ని పెట్టుకోవాలని ఆయన కోరిక. ఒక సిమెంటు సైడింగు, దాంట్లోకి వెళ్లే గూడ్స్, పక్కన మెయిన్ లైన్ మీద నీలం రంగు పాత రకం ఐసీఎఫ్ కోచ్‌ల ప్యాసింజరు.

స్కేలు హెచ్‌ఓ, అంటే 1:87. పట్టాల మధ్య 16.5 మి.మీ. మన బ్రాడ్‌గేజ్ 1676 మి.మీ. కాబట్టి లెక్క ప్రకారం 19 మి.మీ. దాటాలి. కానీ బజారులో దొరికే పట్టాలు, చక్రాలు 16.5వే. ఇక్కడ ఇండియన్ రైళ్లు కట్టేవాళ్లు చాలామంది దాంతోనే సర్దుకుంటారు. ఈయన కూడా దానికి అభ్యంతరం చెప్పలేదు. కప్లింగ్ దగ్గర మాత్రం అసలు రాజీపడనన్నారు. ముప్పై ఏళ్ల పైగా బఫర్ల (డబ్బా చివర తాకిడిని ఆపే గుండ్రటి దిమ్మలు) మధ్య చూపు పెట్టి బతికిన మనిషి మరి.

బండ్లు మూడు చోట్ల నుంచి వచ్చాయి. అమెరికాలో ఉన్న కూతురు తెచ్చిన స్టార్టర్ సెట్ ఒకటి: డీజిల్ ఇంజను, కొన్ని చిన్న గూడ్స్ వ్యాగన్లు, 457 మి.మీ. వ్యాసార్థం ఉన్న వంపు పట్టాలు. వాటికి ప్లాస్టిక్ నకిల్ కప్లర్లు, అంటే మన గూడ్స్ బండ్ల సీబీసీ (సెంటర్ బఫర్ కప్లర్) లా పిడికిలి ఆకారంలో ఉండేవి. ఇంజనుకు కప్లర్ బాడీకి బిగించి ఉంది, వ్యాగన్లకు ట్రాలీకి. రెండోది, లండన్ బంధువు ఎప్పుడో ఇచ్చిన బ్రిటిష్ బండి, ఇంజనుతో సహా. దానికి టెన్షన్ లాక్ కొక్కేలు, స్కేలు కూడా 1:76. మూడోది, మేనల్లుడు త్రీడీ ప్రింటర్ మీద తీసిన ఐసీఎఫ్ కోచ్‌లు.

సమస్య

ఫోన్లో ఆయన చెప్పిన మాట: "తమ్మీ, మూల తిరగంగనే పార్టింగ్ అయితుంది. ఇంజను పోతది, డబ్బాలు నిలబడ్తయి."

వెళ్లి చూస్తే పార్టింగ్ ఒకటే కాదు. ఇంజను వెనక్కి తోస్తే స్టార్టర్ వ్యాగన్లు పట్టాలు తప్పుతున్నాయి. ఐసీఎఫ్ కోచ్‌లు ఇంజనుకు తగిలించగానే ఒకసారి నిలుస్తున్నాయి, పట్టా కొద్దిగా ఎత్తు ఎక్కితే జారిపోతున్నాయి. ఆయన దృష్టిలో ఇవన్నీ ఒకటే జబ్బు. నాకు మాత్రం మూడు వేర్వేరు కారణాలు ఉండొచ్చనిపించింది. ఎందుకంటే లాగినప్పుడు వచ్చే తప్పు, తోసినప్పుడు వచ్చే తప్పు, ఎత్తు దగ్గర వచ్చే తప్పు ఒకే చోట పుట్టవు.

అప్పటికే ఆయన చేసిన ప్రయత్నాలు

మొదట ఇనుప తీగ వంచి ఇంజను నకిల్‌కూ బ్రిటిష్ కొక్కేనికీ ముడి పెట్టారు. లాగుతున్నంతసేపు పనిచేసింది, ఆపితే తీగ వదులై కింద పాయింట్లలో, అంటే దారి మార్చే పట్టాల్లో, ఇరుక్కుంది. తర్వాత ఆన్‌లైన్లో చవకగా దొరికే ప్లాస్టిక్ నకిల్ కప్లర్ల ప్యాకెట్ కొని ఐసీఎఫ్ కోచ్‌లకు సూపర్ గ్లూతో అంటించారు. ఒకదాన్ని తీసి అద్దంతో చూస్తే సంగతి తెలిసింది: గ్లూ కప్లర్ బాక్సు లోపలికి పాకి, తలను మధ్యకు తెచ్చే ప్లాస్టిక్ మీసాన్ని పట్టేసింది. తల ఒక పక్కకు వాలి అక్కడే ఉండిపోయింది. వాలిన తల రెండో తలను ఎక్కడ పట్టుకుంటుంది?

గ్లూ తగలని కప్లర్లలో కూడా మీసాలు మెత్తబడి ఉన్నాయి. ప్లాస్టిక్ స్ప్రింగును వంచిన స్థితిలో ఎక్కువ రోజులు ఉంచితే అది ఆ వంపుకే అలవాటు పడుతుంది, వేడిలో ఇంకా త్వరగా. నల్లగొండ ఎండాకాలం, పైన రేకులు, బండ్లన్నీ వంపు మీద తగిలించి వదిలేసి ఉన్నాయి. అందుకే ఈ ఇంట్లో ప్లాస్టిక్ స్ప్రింగ్ ఉన్న కప్లర్ ఏదైనా వద్దని ముందే అనుకున్నాను. లోహపు తల, లోహపు స్ప్రింగ్ ఉన్న కేడీ (అమెరికా కంపెనీ) రకం ఖరీదు ఎక్కువ, కానీ ఆ గదికి అదే సరిపోతుంది.

కొలతలు ఏం చెప్పాయి

కప్లర్ తీసి చూడటం కన్నా ముందు ఎత్తు కొలవాలని నా పద్ధతి. కేడీ వాళ్ల 205 గేజ్ అనే చిన్న లోహపు దిమ్మ ఉంటుంది. దాన్ని పట్టా మీద పెట్టి బండిని దగ్గరికి తోస్తే తల ఎత్తు సరిగా ఉందో లేదో కనిపిస్తుంది. లోహం కాబట్టి రెండు పట్టాలనూ కలిపేస్తుంది, ముందు కరెంటు ఆపాలి. హెచ్‌ఓలో నకిల్ మధ్య గీత పట్టా పైనుంచి సుమారు 9.9 మి.మీ. ఎత్తులో ఉండాలి.

స్టార్టర్ ఇంజను దాదాపు సరిగ్గానే ఉంది. వ్యాగన్లు కొద్దిగా కిందికి. ఐసీఎఫ్ కోచ్‌లు మాత్రం గేజ్‌కు అందనే లేదు, తల పైన తేలుతోంది. వెర్నియర్‌తో కొలిస్తే 12.7 మి.మీ. వచ్చింది.

ఈ అంకె ఎక్కడిదో ఆయనే చెప్పారు. మన బ్రాడ్‌గేజ్‌లో ఖాళీ బండికి బఫర్, కప్లర్ ఎత్తు గరిష్ఠంగా 1105 మి.మీ. దాన్ని 87తో భాగిస్తే సరిగ్గా 12.7. మేనల్లుడు డ్రాయింగ్ చూసి స్కేలు ప్రకారం ప్రింట్ చేశాడు, అందులో తప్పేమీ లేదు. నకిల్ మోడల్ ఎత్తు మాత్రం అమెరికా బండ్లను చూసి పెట్టింది. అక్కడ కప్లర్ కిందికి ఉంటుంది. అంటే మన స్కేలు ఎత్తులో ఉన్న కోచ్, బజారు ఎత్తులో ఉన్న ఇంజను పక్కపక్కన నిలబడితే తలల మధ్య 2.8 మి.మీ. తేడా. అంచులు మాత్రమే పట్టుకుంటాయి, ఎత్తు రాగానే ఒకటి పైకి లేచి జారుతుంది. ఎత్తు దగ్గర పార్టింగ్‌కు కారణం ఇదే. ఇందులో కప్లర్ కంపెనీకి సంబంధమే లేదు.

తోసినప్పుడు పట్టాలు తప్పడానికి కారణం వేరు. ట్రాలీకి బిగించిన కప్లర్ వంపులో ట్రాలీతో పాటు తిరుగుతుంది, అది లాగేటప్పుడు లాభం. తోసేటప్పుడు ఆ బలమంతా ట్రాలీ మీదే పడి దాన్ని పక్కకు తిప్పుతుంది. బరువు తక్కువ ఉన్న వ్యాగన్ అయితే చక్రం పట్టా ఎక్కేస్తుంది.

మూడో విషయం వంపు. ఐసీఎఫ్ కోచ్ బాడీ పొడవు 21,337 మి.మీ., ట్రాలీల కేంద్రాల మధ్య 14,783. స్కేలులో అవి 245, 170. వంపులో కోచ్ చివర ఎంత బయటికి తూలుతుందో లెక్కేయడం తేలికే: పొడవులో సగాన్ని వర్గం చేసి, దానిలోంచి ట్రాలీల దూరంలో సగం వర్గాన్ని తీసేసి, వ్యాసార్థానికి రెట్టింపుతో భాగించాలి. 457 మి.మీ. వంపు మీద 8.5 మి.మీ. వస్తుంది. అదే సుమారు 140 మి.మీ. పొడవున్న స్టార్టర్ వ్యాగన్‌కు 3 కూడా రాదు. ఒక వంపు అయిపోగానే ఎదురు వంపు వస్తే, ఒక కోచ్ ఇటు 8.5, వెనక కోచ్ అటు 8.5. రెండు తలలూ 17 మి.మీ. దూరంగా పోవాలని చూస్తాయి. ఏ కప్లర్ బాక్సూ అంత ఊగనివ్వదు. అది ఊగనివ్వకపోతే తేలిక కోచ్ పట్టా దిగుతుంది.

ముందున్న దారులు

అన్నింటికీ టెన్షన్ లాక్ పెట్టేస్తే ఖర్చు తక్కువ, వంపుల్లో కూడా బాగా తిరుగుతుంది. కానీ ముందు వెడల్పాటి కడ్డీ, పైన కొక్కెం. ఆయన ఒక్క చూపు చూసి "గిది బండికా, బకెట్‌కా?" అన్నారు. అక్కడితో ఆ మాట ముగిసింది.

అన్నింటికీ కేడీ పెట్టడం ఆయన కోరిన దారి. దాని కోసం లోహపు కప్లర్లను అమెరికా నుంచి వచ్చే చుట్టాల బ్యాగులో తెప్పించుకున్నారు కూడా. బాడీకి బిగించాలి, కోచ్ చివర దాకా రావాలి, బఫర్లు ఉండాలి. ఈ వంపు మీద అది నడవదని లెక్క చెబుతూనే ఉంది. అయితే రైల్వే మనిషికి కాగితం మీద అంకెలు చూపిస్తే సరిపోదు, బండి నడిపి చూపించాలి. రెండు కోచ్‌లకు మాత్రమే కేడీ 148 నంబరు కప్లర్లు, బాక్సులు స్క్రూతో బిగించి, ఎత్తు 9.9కి దించి, ఎదురు వంపులున్న యార్డు గొంతు దగ్గర, అంటే పట్టాలు చీలే మొదట్లో, నెమ్మదిగా నడిపాం. లోపలి వైపు బఫర్లు ఒకదాన్నొకటి తన్నుకున్నాయి, వెనక కోచ్ ముందు ట్రాలీ లేచి పక్కకు దిగింది. బఫర్లు పీకి మళ్లీ నడిపాం. ఈసారి బఫర్ల దగ్గర గొడవ లేదు, కప్లర్ బాక్సు గోడకు తగిలి ఆగింది, అదే ట్రాలీ మళ్లీ దిగింది. ఆయన వంగి, కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టుకుని, కప్లర్ షాంకు (తల వెనక కాడ) బాక్సు అంచును నొక్కుతున్న చోటు చాలాసేపు చూశారు. తర్వాత ఆ దారి గురించి మళ్లీ మాట్లాడలేదు.

ఇక్కడ నేను అడిగిన ప్రశ్న కేసును మలుపు తిప్పింది: "సార్, ఈ ప్యాసింజర్ రేకును మీరు ఎప్పుడైనా మధ్యలో విడదీస్తారా?"

"ఎందుకు విడదీస్త? రేకు రేకే. గూడ్సే గద షంటింగ్ చేసేది."

విడదీయని చోట విడిపోయే కప్లర్ ఎందుకు? దానికి పెట్టే డబ్బు, దాని బాక్సు, దాని ఊగే హద్దు అన్నీ వృథా. అసలు రైల్వేలో కూడా ఇంతే. గూడ్స్ వ్యాగన్లకు సీబీసీ ఉంటుంది, పాత ఐసీఎఫ్ కోచ్‌లకు స్క్రూ కప్లింగ్, రెండు పక్కలా బఫర్లు. రెండింటినీ లాగాల్సిన ఇంజనుకు రెండు ఏర్పాట్లూ ఉంటాయి. ఆయనకు నేను కొత్తగా చెప్పిందేమీ లేదు. ఆయన ఉద్యోగంలో రోజూ చూసినదాన్నే బల్ల మీదికి తెచ్చాం.

పనిచేసిన ఏర్పాటు

గూడ్స్‌కు మొత్తం కేడీ. స్టార్టర్ వ్యాగన్ల ట్రాలీ ముందు పొడుచుకొచ్చిన కప్లర్ చేతిని కోసేసి, బాడీ అడుగున బాక్సు పెట్టి స్క్రూ బిగించాం. వీటి చివర తూలుడు 3 మి.మీ. లోపే కాబట్టి 457 వంపు మీద బాడీకి బిగించినా ఇబ్బంది లేదు, తోసినా బలం బాడీ మీద పడుతుంది. ఎత్తు తక్కువైన చోట ట్రాలీకీ బాడీకీ మధ్య పల్చటి వాషరు వేశాం. బాక్సులో నూనె వేయలేదు, దుమ్ము పట్టుకుంటుంది. పెన్సిల్ ములుకు గీకి ఆ పొడి చల్లితే చాలు. కప్లర్ కింద వేలాడే ఇనుప పిన్ను అయస్కాంతంతో విడదీయడానికి. ఆయన అయస్కాంతాలు పెట్టనన్నారు, చీపురు పుల్లను రెండు పిడికిళ్ల మధ్య దించి తిప్పితే విడిపోతుంది, అదే ఆయనకిష్టం. పిన్ను పాయింట్లలో తగిలే ప్రమాదం ఎందుకని కత్తిరించేశాం. తర్వాత ఎప్పుడైనా అయస్కాంతం కావాలనుకునేవాళ్లు మాత్రం కత్తిరించకూడదు, పట్టాకు పైన 0.8 మి.మీ. ఉండేలా వంచుకోవాలి.

ప్యాసింజర్ రేకు లోపల కప్లర్ లేదు. దాని బదులు కడ్డీలా ఒక ఇత్తడి పట్టీ, రెండు చివర్లా రంధ్రం. ఎంత పొడవు అన్నదే అసలు ప్రశ్న. ఐసీఎఫ్ కోచ్ బఫర్ల చివర నుంచి చివరకు 22,297 మి.మీ., బాడీ 21,337. అంటే రెండు కోచ్‌ల బాడీల మధ్య 960, స్కేలులో 11 మి.మీ. ఈ వంపులో లోపలి మూలలు తగలకుండా ఉండటానికి కావలసిన ఖాళీ దీనికన్నా కాస్త తక్కువే. అంటే అసలు కోచ్‌ల మధ్య ఉండే ఖాళీనే ఉంచొచ్చు, దూరం పెంచి చూపు పాడుచేయక్కర్లేదు. ఈ లెక్క తేలినప్పుడు మా ఇద్దరికీ సంతోషమైంది.

పట్టీ తిరిగే మొలను కోచ్ చివర పెట్టకుండా 12 మి.మీ. లోపలికి జరిపాం. అక్కడ తూలుడు 8.5 నుంచి 5.5కి తగ్గుతుంది, పైగా పట్టీకి బాక్సు గోడల్లాంటి హద్దు లేదు. ఇంకా లోపలికి జరపొచ్చు కానీ చక్రం తగులుతుంది. రెండు 12లు, మధ్య 11, కలిపి రంధ్రాల మధ్య 35 మి.మీ. ఒక రంధ్రాన్ని ఆకురాయితో కొద్దిగా కోలగా చేశాం, ఎత్తు మొదలయ్యే చోట కోచ్ ముక్కు పైకి లేవడానికి. రేపు కోచ్‌ల్లో లైట్లు పెట్టి చక్రాల నుంచి కరెంటు తీసుకుంటే ఇత్తడి పనికిరాదు, షార్ట్ అయ్యే దారి అవుతుంది. అప్పుడు ఫైబర్ పట్టీ వేయాలి.

ముందు కోచ్‌కు ఇంజను వైపు కేడీ కావాలి. ఇక్కడ నేను గూడ్స్‌లో తీసేసిన పద్ధతినే పెట్టాను: ట్రాలీకి బిగించడం. ఈ రేకును ఇంజను లాగుతుంది తప్ప తోయదు. ట్రాలీ కప్లర్ తోసినప్పుడే దోషం చేస్తుంది, లాగినప్పుడు వంపు వెంటే పోతుంది. పైగా స్కేలు ఎత్తులో ఉన్న బాడీని ముట్టుకోకుండా కప్లర్ తలను 9.9లో పెట్టుకోవచ్చు.

బరువు కూడా సరిచేశాం. అమెరికాలోని ఎన్‌ఎంఆర్‌ఏ అనే మోడల్ రైళ్ల సంఘం సిఫార్సు ప్రకారం హెచ్‌ఓ బండికి ఒక ఔన్సు, ఆపై ప్రతి అంగుళం పొడవుకు అర ఔన్సు ఉండాలి. 245 మి.మీ. కోచ్‌కు అది దాదాపు 165 గ్రాములు. ప్రింట్ కోచ్ వంద కూడా లేదు. కిటికీల కిందికి వచ్చేలా ఇనుప నట్లు పరిచి అంటించాం, రెండు ట్రాలీల మీద సమానంగా.

బఫర్ల దగ్గర బేరం జరిగింది. 11 మి.మీ. ఖాళీలో రెండు పక్కల బఫర్లు 5.5 చొప్పున ఉంటే తిన్నటి దారిలో ముద్దుగా ఆనుకుంటాయి. వంపులో మాత్రం లోపలి వైపు ఆ చోట సగమే మిగులుతుంది. కోచ్‌ల మధ్య బఫర్లను 2 మి.మీ.కి కోయక తప్పదన్నాను. ఆయన ఒప్పుకోలేదు. చివరికి ఆయనే అన్నారు: "నడుమ కోసెయ్. వెస్టిబ్యూల్ చాటుకు ఎవ్వరు చూడరు. ఎనక మాత్రం ముట్టుకోకు."

అందుకే చివరి కోచ్ వెనక వైపు పూర్తి పొడవు బఫర్లు, మధ్యలో వేలాడే డమ్మీ స్క్రూ కప్లింగ్, పక్కన ఇదే చివరి డబ్బా అని చూపే వేలి గోరంత పసుపు ఎల్‌వీ బోర్డు. దానికి ఇంజను తగిలించడం కుదరదు. గుండ్రంగా తిరిగే లేఅవుట్ కాబట్టి నష్టం లేదు. చివరి స్టేషన్లో ఇంజను అటు నుంచి ఇటు మారాల్సిన లేఅవుట్ అయితే ఈ ఏర్పాటు నేను చేయనిచ్చేవాణ్ని కాదు.

బ్రిటిష్ బండిని ముట్టుకోలేదు. దాని కోచ్‌లలో కొన్నింటికి ఎన్‌ఈఎం 362 అనే ప్రామాణిక జేబు ఉంది, కేడీ 17 నుంచి 20 వరకు నంబర్లు అందులో నేరుగా దిగుతాయి. పొడవు మాత్రమే తేడా, 17 పొట్టిది, 20 అన్నిటికన్నా పొడుగు. అయినా దాని ఇంజను దానికుంది, స్కేలు వేరు, సిమెంటు సైడింగులో దానికి పని లేదు. మనవడు ఆడుకునేది అదే. టెన్షన్ లాక్ పిల్లల చేతికి బాగా తట్టుకుంటుంది.

పరీక్ష, మిగిలిన చిక్కు

గూడ్స్ రేకును ముందుకు లాగి చూడటంతో సరిపెట్టలేదు. మొత్తం రేకును వెనక్కి తోస్తూ పాయింట్ల గుండా సైడింగులోకి పంపాం, ఖాళీ వ్యాగన్ ఒకటి మధ్యలో పెట్టి. కప్లర్ లోపం లాగేటప్పుడు దాక్కుంటుంది, తోసేటప్పుడు బయటపడుతుంది. ఒక వ్యాగన్ మొండికేసింది. గేజ్ పెట్టి చూస్తే బాక్సు స్క్రూ ఎక్కువ బిగిసి తల ఊగడం లేదు. పావు చుట్టు వదులు చేశాక దారికొచ్చింది.

యార్డు గొంతు దగ్గర ఎదురు వంపుల మధ్య ఒక చోట 250 మి.మీ. తిన్నటి పట్టా ఇరికించాం, అంటే ఒక కోచ్ పొడవు. రెండో చోట గోడ అడ్డం. ఆ లూపులోకి ప్యాసింజర్ రేకు వెళ్లదు, గూడ్స్ మాత్రమే వెళ్తుంది. గార్డు గారు అక్కడ చిన్న బోర్డు కూడా పెట్టారు, "కోచింగ్ స్టాక్ నిషేధం" అని.

ఇప్పుడు ఆయన మనసు కొత్త రకం కోచ్‌లైన ఎల్‌హెచ్‌బీ రేకు మీద ఉంది. ఆ కోచ్ బాడీ 23,540 మి.మీ., స్కేలులో 270 దాటుతుంది. ఈ వంపు మీద చివర 12 మి.మీ. తూలుతుంది. కడ్డీ పెట్టినా, ఏం పెట్టినా చూడబుద్ధి కాదు. పొడవైన కోచ్‌కు మూడింతల వ్యాసార్థం ఉంటే భరోసాగా నడుస్తుందని మోడలర్ల లెక్క, అంటే సుమారు 810 మి.మీ. బయటి లూప్ ఆ కొలతకు వచ్చేదాకా డబ్బా ప్రింట్ చేయించొద్దని చెప్పాను. దానికి రేకుల గది గోడ రెండడుగులు జరపాలి. అటువైపు ఇంటావిడ వడియాలు ఎండబెట్టే చోటు. ఆ విషయం ఇంకా తేలలేదు.